కుడికంటికి కొత్త మందు

నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవల్ యంత్రంలోకి చూసేవాడు ఎడమకన్ను మూస్తాడు. సర్వేయరుగా చేరిన మొదటి ఏడాదిలోనే నాకు ఆ అలవాటు పడింది. తరువాత యంత్రం ఎదుట లేనప్పుడు కూడా పోలేదు. గడియారం చూసినా, మందుచీటీ చదివినా ఎడమ రెప్ప తనంతట తానే దిగేది. తెలంగాణ వచ్చిన కొత్తలో మర్రిగూడ వైపు పల్లెలకు బోరునీళ్ళకు బదులు నది నీళ్ళు అందించే పైపులైనుకు లెవల్స్ తీశాను. నా ఉద్యోగంలో అది చివరి పెద్ద పని. అప్పటికే ఎడమకన్ను చెడిపోతూ ఉండాలి. మూసి ఉంచిన కంటి సంగతి ఎవరికి తెలుస్తుంది?

పదవీ విరమణ తరువాత ఒక ఉదయం కుడికంట్లో నలుసు పడింది. ఆ కన్ను చేతితో మూసుకొని ఎదురుగా చూశాను. నా భార్య చెవులు, జుట్టు, మెడ కనిపించాయి. ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఉంది.

నల్లగొండలోని కంటి దవాఖానలో డాక్టరమ్మ రెండు కళ్ళకూ స్కాన్ తీయించింది. కంటి వెనుక పొరలో సరిగ్గా నడిమి భాగం, చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ పనికివచ్చేది, ఎడమవైపు మచ్చకట్టిపోయింది. అక్కడ ఇక చేయగలిగింది లేదు. కుడివైపు అదే జబ్బు మొదలైంది. పొర కింద నీరు చేరుతోంది. నాలుగు వారాలకొకసారి కంట్లోకి సూది వేస్తే చూపు నిలబడవచ్చునని చెప్పింది.

ఏడు సూదులయ్యాయి. ఏడో స్కాన్‌లో కూడా నీరు అలాగే ఉంది.

"పాత మందు పనిచేస్తలేదని కాదు సార్, సరిపోతలేదు. వేరే మందుకు మార్చి చూద్దాం" అంది డాక్టరమ్మ.

మా కార్యాలయంలో "చూద్దాం" అని పక్కన పెట్టిన ఫైలు మళ్ళీ కనిపించేది కాదు. కొత్త మందుతో ప్రమాదమేమిటని అడిగాను. కొందరికి కన్ను లోపల వాపు రావచ్చునని, అది అరుదని చెప్పింది.

"అరుదు అంటే రెండు కళ్ళున్నవాళ్ళకా మేడం, ఒక్కటే ఉన్నవాళ్ళకా?"

ఆమె నొచ్చుకోలేదు. "మీకు మిగిలింది ఒక్కటేనని యాదిల పెట్టుకునే చెప్తున్న సార్. ఎర్రబడ్డా, నొప్పొచ్చినా, చూపు తగ్గినా అదే రోజు రావాలె."

లెవల్ పనిలో యంత్రాన్ని ముందుకు జరిపేటప్పుడు ఒక నియమముంది. ఒక గట్టి రాయి మీద అంకెలు గీసిన కొలకర్ర నిలబెట్టి పాత చోటు నుంచి ఒకసారి, కొత్త చోటు నుంచి ఒకసారి చదువుతారు. దాన్ని చేంజ్ పాయింట్ అంటాం. ఆ రెండు రీడింగుల నడుమ కర్ర వేలెడంత జరిగినా అక్కడి నుంచి ముందుకు ప్రతి అంకె తప్పే. అందుకే అదే స్కాన్ యంత్రం, అదే అక్షరాల పట్టిక, అవే కళ్ళద్దాలు ఉండాలని అడిగాను. మారవలసింది మందు ఒక్కటే. కొత్త అద్దాలకు ఇచ్చిన ఆర్డరు కూడా ఆపించాను.

సూది పాతదానిలాగే దిగింది: చుక్కలు, రెప్పలను పట్టి ఉంచే క్లిప్పు, ఒక అదుము. ఆ సాయంత్రం చూపులో మూడు చిన్న నల్లని గుండ్రాలు కదిలాయి. అవి గాలిబుడగలని ముందే చెప్పారు. అయినా మరునాడు మూడూ పోయేదాకా లెక్కపెట్టుకుంటూనే కూర్చున్నాను.

ఇంట్లో పరీక్షించుకోవడానికి దవాఖానవాళ్ళు గళ్ళ కాగితం ఇచ్చారు. జబ్బు పెరిగితే గీతలు వంకరగా కనిపిస్తాయి. రోజూ పొద్దున నా భార్య దాన్ని పట్టుకొని నిలబడేది; దూరం నేను టేపుతో కొలిచేవాణ్ణి.

"జర పైకి. ఎడమకు ఒరిగింది. కదలకు."

"నీ కర్ర పట్టిన చైన్‌మన్లు గిట్ల ఎట్ల పడ్డరో నీతోని" అనేది. "ఆళ్ళకు జీతమన్న ఉండె."

పన్నెండో రోజు నడిమి గీత వంగింది. ఒకసారి రెప్ప మూసి తెరిచాను. గీత అలాగే ఉంది, పైగా మెల్లగా ముందుకూ వెనక్కూ కదులుతోంది. టేపుతో దూరం మళ్ళీ కొలిచాను. ఏమైందని ఆమె అడిగింది. చెప్పాను. ఆమె కిందికి చూసుకుంది.

"కాయితం నా కడుపు మీద ఆనింది. ఊపిరి గూడ తియ్యొద్దా?"

ఇద్దరం నవ్వాం. కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోకుండా అంకె రాసుకున్నందుకు ఎందరినో కసిరినవాణ్ణి నేను. కాగితాన్ని అల్మారా తలుపుకు నాలుగు మూలలా అంటించి మళ్ళీ చూశాను. కదలిక పోయింది. వంపు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. గీత నడుమ గోటిమందం వాలు మిగిలింది. ఆమె నవ్వు ఆగింది. చెప్పులు తొడుక్కోమని మాత్రం అంది.

ఆ రోజే దవాఖానలో తీసిన స్కాన్‌లో వాపు లేదు. నీరు కొద్దిగా తగ్గింది. మిగిలిన ఆ నీటివల్లే గీత వాలుతోందని డాక్టరమ్మ బొమ్మ మీద వేలు పెట్టి చూపింది. మరి రెండు సూదులు నెలకొకటి పడ్డాయి. కొత్త మందు మూడో సూది తరువాత తీసిన బొమ్మలో పొర కింద నల్లని చారగా కనిపించే నీరు సన్నని దారంలా మిగిలింది.

"ఇగ ఎనిమిది వారాలకు రండి సార్."

నెలనెలా రాకుండా ఉంటే చాలునని ఇన్నాళ్ళూ కోరుకున్నవాణ్ణి. ఆ మాట వినగానే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. యాభై ఆరు రోజులు లోపల ఏం జరుగుతుందో ఎవరూ చూడరు. నాలుగో వారంలో ఒక స్కాన్ మాత్రం తీయమని అడిగాను.

"మందు అన్నిరోజులు ఆగుతది సార్. మీరే ఆగుతలేరు."

"ఏదో ఒకటి రాసియ్యుండ్రి మేడం" అంది నా భార్య. "లేకుంటే రోజు పొద్దున ఈడనే ఉంటడు."

డాక్టరమ్మ ఎనిమిదో వారానికి సూది అని రాసి, దాని కింద ఆరో వారానికి స్కాన్ అని చేర్చింది. బస్‌స్టాండుకు నడుస్తూ ఆ చీటీని రెండుసార్లు తీసి చూశాను. రెండుసార్లూ అంకెలు సరిగ్గానే కనిపించాయి. మూడోసారి జేబులో చెయ్యి పెట్టేలోగా నా భార్య చీటీని తీసుకొని తన సంచిలో వేసుకుంది.