అరడుగు వెనక

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పెద్దమ్మాయి కూతురు వచ్చి నా మంచం చివర కూర్చుని, ఫోన్‌లో నాలుగు లెన్సుల బొమ్మలు చూపించి, పెళ్లి కుదిరిన జంటలకి ఫోటోలు తీయడానికి వీటిలో తక్కువ ధరలో ఏది నయమో చెప్పమంది. ఉద్యోగం చేసుకుంటూనే సెలవు రోజుల్లో జంటల్ని కాలవ గట్ల మీద నిలబెట్టి ఫోటోలు తీస్తోంది మా మనవరాలు. యాభై ఎం.ఎం. లెన్సా, ఎనభై అయిదా అని అది అడుగుతుంటే, నిజం చెప్పాలంటే నాకు విసుగే వచ్చింది. ఆ అంకెల గొడవ నా స్టూడియోతోనే వదిలిపోయిందనుకున్నాను. కళ్లు మసకబారాయి, మోకాళ్లు మాట వినడం లేదు, స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మందుల షాపు నడుస్తోంది. ఏదో ఒకటి కొనుక్కోమ్మా అనేసి గోడవైపు తిరిగి పడుకున్నాను కానీ కునుకు పట్టలేదు. చవక లెన్సు మంచీ చెడూ నాకు తెలిసినంతగా ఈ బెజవాడలో ఇంకెవరికీ తెలియదు మరి.

గుణదలలో స్టూడియో పెట్టిన కొత్తలో నా దగ్గరున్నది ఒక్క కెమెరా, దానితో వచ్చిన మామూలు లెన్సు. మనిషికి దగ్గరగా వెళితే ముక్కు పెద్దదయ్యేది, దూరం జరిగితే వెనక పరదా మీది మరకలన్నీ పడేవి. ముఖాలకి ఎనభై అయిదు లెన్సే ఉండాలని తెలిసినవాళ్లంతా అనేవారు, దాని ధర వింటే ఉన్న కెమెరా కూడా అమ్ముకోవాలనిపించేది. చివరికి మద్రాసు నుంచి వచ్చిన ఒక పాతది చవగ్గా దొరికింది, తీరా చూస్తే అది వేరే కంపెనీది, నా కెమెరాకి పట్టదు. పట్టని వస్తువుని పట్టించడానికి మనకి ఆటోనగర్ ఉండనే ఉంది కదా. విప్పదీసిన లారీ గేర్‌బాక్సుల మధ్య లేత్ మిషను మీద పనిచేసే ఒక పెద్దాయన ఆ లెన్సుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ బండిదండీ?" అని నవ్వి, అల్యూమినియంతో ఒక రింగు తరిగి ఇచ్చాడు. రింగు కాస్త మందం ఎక్కువైంది. దానివల్ల దూరాన ఉన్న కొండ ఎంత తిప్పినా స్పష్టంగా కనబడేది కాదు, పదడుగుల లోపు మనిషి ముఖం మాత్రం అద్దంలో చూసుకున్నట్టు వచ్చేది. నాకు కొండలతో ఏం పనిలే అనుకుని మురిసిపోయాను.

ఆ లెన్సులో వెలుతురు వచ్చే కన్నాన్ని పూర్తిగా తెరిచి తీస్తే వెనక పరదా మరకలన్నీ కరిగి మెత్తటి రంగుగా మారిపోయేవి. ఇంకే స్టూడియోలోనూ అలా రావడం లేదని పేరు పడి, మేరీమాత తిరునాళ్ల రోజుల్లో కొత్త జంటలు అరుగు మీద వరసగా కూర్చునేవారు. మన తరంలో జంట ఫోటో అంటే ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. హిందువులైనా క్రైస్తవులైనా ఆ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే పద్ధతి, అమ్మాయి అబ్బాయి పక్కనే ఉండాలి గానీ అరడుగు వెనక ఉండాలి. అలా ఉంటేనే అణకువ. వెంట వచ్చిన అత్తగారో మేనత్తో ఆ పిల్ల భుజం పట్టుకుని సరిచేసేదాకా నేను కెమెరా దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాణ్ని.

ఆ ఏడాదే మా చెల్లెలి పెళ్లయింది. బావగారిది మంగళగిరి, చీరల వ్యాపారం. మనుగుడుపులకి వచ్చినప్పుడు ఇద్దర్నీ స్టూడియోకి తీసుకెళ్లాను, మా అమ్మా, వాళ్ల అత్తగారూ కూడా వచ్చారు. చెల్లెలు నన్ను చూస్తూ చనువుగా ముందుకొచ్చి నిలబడింది. "మొగుణ్ణి తోసుకుని నుంచుంటావేంటే, కాస్త వెనక్కి జరుగు" అంది అమ్మ. అది జరిగింది. కెమెరాలోంచి చూస్తే బావగారి కళ్లు తేటగా ఉన్నాయి, అరడుగు వెనకున్న దాని ముఖం అప్పటికే మసకబారింది. దాన్ని ముందుకి రమ్మనాలి, లేదా లెన్సుని కొంచెం మూసి తీయాలి. మూస్తే వియ్యపురాలి ఎదట పరదా మరకలు బయటపడతాయి, రమ్మంటే అమ్మకి కోపం వస్తుంది. కొత్త అల్లుడు బాగా పడితే చాలనుకుని నొక్కేశాను.

ఫోటో వచ్చింది. బావగారి కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, మా చెల్లెలు మాత్రం ఉడుకుతున్న అన్నం ఆవిరి అవతల నిలబడ్డట్టు ఉంది. జంట చూడముచ్చటగా ఉందన్నారు అందరూ. అదొక్కతే చాలాసేపు చూసి, "మీ బావగారు బాగా పడ్డారన్నయ్యా, నేనే సరిగ్గా రాలేదు" అంది నవ్వుతూ. ఈసారి వచ్చినప్పుడు నిన్నొక్కదాన్నే కూర్చోబెట్టి తీస్తాలే అని మాటిచ్చాను. అది వెళ్లాక సొరుగులో ఉన్న పాత ప్రింట్లు తీసి చూస్తే, ఆ లెన్సుతో తీసిన జంటలన్నీ అంతే. మగవాళ్లంతా స్పష్టంగా ఉన్నారు, ఆడపిల్లలంతా మసకగా ఉన్నారు. అన్ని ఇళ్లలో ఏ ఒక్కరూ ఇదేంటని వెనక్కి తేలేదు. ఆ రోజు నాకు వేసిన సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత జాగ్రత్తగానే తీశాను, ఊరందరికీ. చెల్లెలికిచ్చిన మాట మాత్రం ఇదిగో అదిగో అంటూ జరిగిపోయింది. అది వచ్చినప్పుడు నాకు పెళ్లిళ్ల తొందర, నాకు తీరికైనప్పుడు దానికి పిల్లల చదువులు, కొట్లో బేరాలు. ఆధార్ కార్డులు వచ్చిన కొత్తలో నాలుగు రోజుల జ్వరంతో పోయింది. పోయిన మూడో రోజున బావగారు ఆ పెళ్లి ఫోటో సంచిలో పెట్టుకుని వచ్చి, "మీ చెల్లెల్ని ఒక్కదాన్నే పెద్దది చేసివ్వండి బావగారూ, గోడకి పెట్టుకుంటాం" అన్నారు. ఎంత పెద్దది చేస్తే అంత చెదిరిపోయింది. పిల్లల పెళ్లిళ్ల ఆల్బమ్‌లన్నీ తిరగేస్తే ప్రతిచోటా ఎవరి భుజం వెనకో సగమే ఉంది. ఇక దారిలేక ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి, హాల్లో గోడకి పెట్టి దండ వేశారు.

సాయంత్రం మనవరాల్ని పిలిచి, యాభైదే కొనుక్కో, చవకైనదే చాలు, ఇద్దరున్నప్పుడు మాత్రం కొంచెం మూసి తియ్యి, ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టు అని చెప్పాను. అది నవ్వి, "ఇప్పుడు అమ్మాయిలే ముందుంటారు తాతయ్యా, అబ్బాయిలకే సిగ్గు" అంటూ తన ఫోటోలు చూపించింది. నిజమే, ఒక్క అమ్మాయీ వెనక లేదు. చూస్తే ప్రాణానికి హాయిగానే ఉంది, ఇంత తేలికైన పని మాకెందుకు చేతకాలేదా అని నీరసంగానూ ఉంది. కాలం మారింది, మంచికే మారింది. మంగళగిరి వెళ్లినప్పుడల్లా బావగారు హాల్లో నాకు కుర్చీ వేస్తారు, నేను దాన్ని తిప్పుకుని ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంటాను.