సాక్షికి మాటలు నేర్పని ప్లీడరు

ప్లీడరు గారు పోయారని ఆయన గుమాస్తా మా టీచరు ట్రైనింగు స్కూలు గేటు దగ్గరకు వచ్చి చెప్పాడు. "తెల్లారి ప్రాణం పోయిందమ్మా. నీకు చెప్పకుంటే బాగుండదని వచ్చినా" అన్నాడు. ఆయనకు జబ్బుగా ఉందని పది రోజులుగా తెలుసు. పరీక్షలైనాక పోయి చూద్దామనుకున్నాను. ఆ తప్పు ఇక దిద్దుకునేది కాదు.

ఆయన కడప కోర్టుల్లో చాలా ఏళ్ళు సివిలు కేసులు వాదించారు. జిల్లా బోర్డులో సభ్యుడిగా ఉండి, పల్లెల ఆడపిల్లలకు టౌనులో హాస్టలు కావాలని పట్టుబట్టి తెచ్చారు. ఆ హాస్టల్లోనే ఉండి నేను చదువుకున్నాను. ఇవన్నీ ఆయన్ని ఎరిగినవారు చెప్పుకునేవే. నేను చెప్పవలసింది మా చేను సంగతి.

మాది కమలాపురం దగ్గర పల్లె. మూడెకరాల చేను తప్ప మాకు వేరే ఆధారం లేదు. వానలు లేని ఒక ఏడాది, మా నాయన పులివెందుల వైపు ముగ్గురాయి గనుల్లో పనికి పోతూ, చేనును రెండేళ్ళకు గుత్తకు, అంటే కౌలుకు, ఇస్తానని ఊళ్ళో ఒక రైతుతో మాట్లాడుకున్నాడు. ఆ రైతు కాగితం రాయించి తెచ్చాడు. మా ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మిషను బడిలో నాలుగో తరగతి చదువుతున్నాను.

"మా పాప సదివితే గాని ఏలిముద్ర ఎయ్యను" అన్నాడు నాయన, అందరూ వినేటట్టు.

కాగితం గొలుసుకట్టు రాతలో ఉంది. మాటకూ మాటకూ ఎడం లేకుండా, కలం ఎత్తకుండా, అక్షరాలను ఒకదానికొకటి తగిలించి రాసే పాత రాత అది. నాకు వచ్చింది బడి పుస్తకంలోని అచ్చు అక్షరాలే. రాదని చెప్పడానికి నోరు రాలేదు. వరుసల మీద వేలు జరుపుతూ, నాయన ముందురోజు ఇంట్లో చెప్పిన గుత్త మాటలనే చదివినట్టుగా చెప్పాను. ఆయన వేలిముద్ర వేశాడు. రిజిస్ట్రారు అడిగితే కూడా "మా పాప సదివింది సామీ" అన్నాడట.

రెండేళ్ళకు నాయన తిరిగి వస్తే, అది చేను అమ్మినట్టు రాసిన కాగితమని తేలింది.

ఈ ప్లీడరు గారిని పెట్టుకుని దావా వేశాం. చదువుకున్న కూతురు చదివి వినిపించిన తర్వాతే వేలిముద్ర వేశాడని అవతలివాళ్ళ వాదన. ఒకరోజు ప్లీడరు గారు నన్ను తన వసారాలో కూర్చోబెట్టి, అలాంటి రాతలోనే ఉన్న పాత దస్తావేజు ఒకటి చేతికిచ్చారు. నాయన బయట గుమాస్తాతో మాట్లాడుతున్నాడు.

"దీన్ని సదువు పాపా."

వేలు పెట్టాను. ఒక్క మాట రాలేదు. ఏడ్చేశాను. ఆయన కోప్పడలేదు.

"మీ నాయనకు తెలుసునా?"

తెలియదని తల ఊపాను.

"ఈ సంగతి బయటికొస్తే మీ చేను మీకు రావచ్చు. కానీ నువ్వే బోనెక్కి చెప్పాల."

"ఏమని చెప్పాల సామీ?"

"అది నేను చెప్పను. సాక్షులకు మాటలు నేర్పే అలవాటు నాకు లేదు. జరిగిందేందో నీకు తెలుసు గదా." "మీ నాయనకు కూడా నేను చెప్పను. నువ్వే చెప్పుకో" అన్నారు.

చెప్పుకోలేకపోయాను. నాయన ఆ మాట మొదటిసారి విన్నది కోర్టులోనే. "నాకు రాకపోయినా సదివినట్ల చెప్పినా" అని నేను బోనులో నుంచి అంటూంటే, ఆయన వెనక బెంచీ మీద తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అవతలి ప్లీడరు లేచాడు. "నాలుగో తరగతి సదివి ఇది సదవలేవా? ఈ మాటలు నీకు ఎవురు నేర్పించినారు?"

"ఎవురూ నేర్పీలేదు సామీ. నేర్పించింటే ఇంకా బాగా చెప్పిందును."

కోర్టంతా నవ్వింది. మున్సిఫ్ గారు అచ్చు పుస్తకం ఒకటి ఇచ్చి చదవమన్నారు. తడుముకోకుండా చదివాను. తర్వాత ఆ కాగితం ఇచ్చారు. "ఇదంతా చీమలు పాకినట్ల ఉండాది సామీ" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

బయటికి వచ్చాక నాయన తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. "రాదని చెప్పింటే నేనేమన్నా కొట్టేవాణ్ణా పాపా?" అన్నాడు. ఆ మాట ఈరోజుకీ నాకు బరువే.

తీర్పు మా వైపే వచ్చింది. ఆ వేసవిలో ఆదివారాలు ప్లీడరు గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గొలుసుకట్టు చదవడం నేర్పారు. వేలిముద్ర వేసే ముందు కాగితాలు చదివించుకోవడానికి పల్లెల నుంచి జనం ఆ వసారాకు వచ్చేవారు. చదివేది ఆయనైనా, విన్నవాళ్ళు తిరిగి తమ మాటల్లో చెప్పేదాకా కాగితం వదిలేవారు కాదు. ఒకసారి ఒక ముసలాయన విసుక్కున్నాడు. "ఏం సామీ, నాకే పరీచ్చ పెడతాండావు?" "పెద్దాయనా, పరీక్ష నాకు. నేను సరిగ్గా చదివినానో లేదో నువ్వు చెప్తేనే గదా తెలిసేది" అన్నారాయన. గొలుసుకట్టు చదువుతూ నేను ఏదైనా మాట దగ్గర తెలియక ఆగిపోతే, "రానిది రాదని చెప్పేదానికి సిగ్గెందుకు పాపా? నేను దినాం జడ్జీ ముందర చెప్తాండా" అని నవ్వేవారు.

గుమాస్తా కబురు విని నేను పోయేసరికి ఆ ఇంటి వాకిలి నిండా పల్లెజనం ఉన్నారు. చెప్పులు వీధిలోనే విడిచి, ఎండలో, ఎవరూ లోపలికి పోకుండా కూర్చున్నారు. మా నాయన అప్పుడే బస్సు దిగి వచ్చాడు. జొన్న కోతల రోజులు. కబురు అందినప్పుడు చేలో ఉన్నాడట. ఏం తీసుకుపోవాలో తోచక, కోస్తున్న కంకులనే ఇన్ని కట్టగా కట్టుకుని వచ్చాడు. లోపల ఏడుపులు. కంకులను ఎవరికివ్వాలో ఆయనకు తెలియలేదు. కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి ప్రహరీ గోడ మీద పెట్టి పక్కన చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

పాడె లేచింది. జనమంతా వెనకే నడిచారు. వీధి మలుపులో తిరిగి చూస్తే నాయన ఇంకా గోడ దగ్గరే ఉన్నాడు. పిచ్చుకలు వాలి కంకులు పొడుచుకు తింటున్నాయి. చేలో పొద్దంతా వడిసెలతో రాళ్ళు విసిరి పిచ్చుకలను తోలే మనిషి, ఒక్కదాన్ని కూడా అదిలించలేదు.