క్లచ్ మీద కాలు

ఏళ్ళ తరబడి ఒక గెలుపును మోస్తున్నాను. ఓటమైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెబుతున్నాను. క్షమాపణ కోసం కాదు. క్షమించే అధికారం మీకు లేదు, అడిగే అర్హత నాకు లేదు.

యానాం నుంచి పుదుచ్చేరికి చదువుకోవడానికి వచ్చాను. కళాశాల చర్చాపోటీల్లో నన్ను ఓడించినవారు తక్కువ. కొత్త కారు లోపంతో వస్తే కొన్నవారికి మన చట్టం చాలినంత రక్షణ ఇస్తోందా అన్న అంశం మీద ఒకసారి చట్టం పక్షాన వాదించి గెలిచాను. నాణ్యతలో ఏ కొరత ఉన్నా అది లోపమేననీ, బండి మార్చమనో డబ్బు వాపసు ఇమ్మనో వినియోగదారుల కమిషన్ ఆదేశించగలదనీ కంఠతా చెప్పేదాన్ని. చదువయ్యాక ఒక కార్ల షోరూములో ఫిర్యాదులు వినే ఉద్యోగంలో చేరాను.

వసంతక్క అక్కడికే వచ్చింది. పుదుచ్చేరిలోని కోసపాళయంలో గాజుల దుకాణం వాళ్ళది. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఊరి బయట ఏంబలంలో ఉన్న చెల్లెలి ఇంటికి ఎవరినీ బతిమాలకుండా వెళ్ళిరావాలని నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. కొన్న నెలలోపే కారు మొదటి గేరులో వణకడం, కూడళ్ళలో ఆగిపోవడం మొదలైంది. ఆ విడతలో వచ్చిన కార్ల క్లచ్‌లలో తేడా ఉందని మా సర్వీసు మేనేజరు నాకు ముందే చెప్పాడు. బయటకు పొక్కకూడదనీ చెప్పాడు.

"ఏంది పాపా, కొత్త బండి ఇట్ల ఎగరతాది? సిగ్నల్ కాడ నిలిచిపోతే ఎనకాల అంతా హారన్ కొడతాండారు," అంది. "ఇంట్లో మా ఆయన ఒకటే నవ్వడం. గ్రైండర్ తిప్పే చేతికి గేరు ఎందుకంట. వేరే బండి ఇయ్యకపోతే కోర్టుకు పోతా, చెప్తాండా."

"బండిలో ఏమీ లేదక్కా. మీరు క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతున్నారు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ అలవాటే అది."

"లేదే. నేను కాలు తీసేస్తానే."

"తీశాననుకుంటారు. కోర్టులో వకీలు, 'ఎన్నాళ్ళుగా నడుపుతున్నావమ్మా' అంటే ఏం చెబుతారు?"

ఆమె తన పాదాల వంక చూసుకుంది. "నిజమేనా పాపా? మన తెలుగు పిల్లవి. నువ్వు చెప్తే సరే."

ప్రశ్న బండి గురించి వచ్చింది. నేను మనిషి గురించి జవాబిచ్చాను. ఉద్యోగం పోతుందన్న భయంతో అలా చేశానా? ఆ మాట అంటే మీరు జాలిపడతారని తెలుసు, కానీ అది అబద్ధం. ఆమె తల దించుకున్న ఆ క్షణంలో నాకు, ఏ వేదిక మీదా కలగనంత సంతోషం కలిగింది.

జీతం తీసుకున్నావు, పని చేశావు, అంతే కదా అంటారు నా స్నేహితులు. ఒప్పుకోను. జీతం నా వేళలను కొన్నది. నాలుకను నేనే ఊరికే ఇచ్చాను. చట్టంలోనే పస లేదనేవారి మాటా ఒప్పుకోను. చట్టం ఆమెకు అందేంత దూరంలోనే ఉంది. దారికి అడ్డంగా నిలబడింది నేను.

ఉద్యోగం మానేశాక ఒకరోజు ఆమె దుకాణానికి వెళ్ళాను. సొంత డబ్బుతో క్లచ్ మార్పించారట, కారు మరిది నడుపుతున్నాడట. "నాకు రాదులే పాపా. నువ్వు కాబట్టి మొగం మీదనే చెప్పినావు," అంటూ నా చేతికి గాజులు తొడిగింది. ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చే రెండేళ్ళ గడువు అప్పటికింకా ముగియలేదు. ఆమె చేతుల్లో నా చెయ్యి ఉంది. నోరు విప్పి ఉంటే సాక్షినీ, దోషినీ నేనే అయ్యేదాన్ని. విప్పలేదు. ఇప్పుడు గడువు లేదు.

ఇంకొకటీ ఒప్పుకోవాలి. వసంతక్కకు తెలుగు మాట్లాడటమే వచ్చు. ఆమె చదివింది తమిళం. నేను ఇదంతా ఆమె చదవలేని లిపిలో రాస్తున్నాను. ఇది నా భాష కాబట్టి రాస్తున్నానా, ఆమెకు చేరదు కాబట్టి రాస్తున్నానా? రెండోదే. పిరికితనమని మీరనకముందే నేనంటున్నాను.

అయినా ఒక్క మాట ఆమె మాట్లాడే తెలుగులోనే రాసి, ఒంటరిగా పైకి చదువుకున్నాను: అక్కా, నీ కాలు సరిగ్గానే ఉండింది. బండే చెడ్డది. నాకు ఆ పొద్దే తెలుసు.

దీనికి నా దగ్గర ప్రతివాదం లేదు. మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం ఇవాళ కూడా, మరిదికి ఎప్పుడు తీరికవుతుందా అని చూసి, వెనక సీట్లో కూర్చునే ఏంబలం వెళుతుంది.