ఉబేద్ పాస్ చేయాల్సిన పెట్టె

ఖమ్మంలో డిష్ పెట్టెల వ్యాపారం చేసే అహ్మద్ పాషాది పెద్ద చెయ్యి. అంతటివాడూ కొత్త సరుకు దిగినప్పుడల్లా, అమ్మాలా వద్దా అని అడిగేది మాత్రం బూర్గంపాడులో నలుగురు నిలబడితే నిండిపోయే ఒక దుకాణాన్ని. ఆ దుకాణం ఉబేద్‌ది.

ఉబేద్ పుట్టింది ఇల్లందులో. బొగ్గుబాయి కాలనీల్లో పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే తండ్రి దగ్గర చేతిపని నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక గోదావరి ఒడ్డుకొచ్చి రేడియోలు విప్పాడు, తర్వాత టేప్ రికార్డర్లు, తర్వాత టీవీలు. చివరికి ఇంటి మీద డిష్ గొడుగు పెట్టుకుంటే చాలు, నెలనెలా ఎవరికీ ఏమీ కట్టకుండా చానెళ్ళు చూపించే పెట్టెలొచ్చాయి. అడవిలోకి కేబుల్ వైరు పోదు కాబట్టి గూడేలన్నీ ఆ పెట్టెలనే నమ్ముకున్నాయి. పెట్టెలు ఉబేద్‌ను నమ్ముకున్నాయి. అతని చేతిలో పడ్డ పెట్టె మళ్ళీ మూలుగుతూ తిరిగి రాదని చర్ల దాకా చెప్పుకునేవారు.

పెట్టె పాతదే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ మారిందంటే అతని లెక్కలో అది కొత్త పెట్టే. మూడు రోజులు బల్ల మీద ఉండాల్సిందే. మొదటి రోజు నడుస్తుండగానే ఇరవై సార్లు ప్లగ్గు పీకేవాడు. అడవిలో కరెంటు చెప్పి పోదు కదా. రెండో రోజు ఓల్టేజీ తగ్గించి చూసేవాడు. మూడో రోజు చానెళ్ళ వెతుకులాట. అన్నీ అయ్యాక పొడుగు నోటుబుక్కులో పాస్ అనో ఫెయిల్ అనో రాసేవాడు.

రెండువేల ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్ళ మీదికొచ్చి పోయింది. నీళ్ళు తీసి నాలుగు రోజులైంది. దుకాణం ఎత్తు మీద ఉండబట్టి బతికింది, కింది వాడలు బురదలో ఉన్నాయి. గూడేల్లో పెట్టెలు చాలావరకు నీళ్ళపాలయ్యాయి. పాషాకు సరిగ్గా అప్పుడే కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న పెట్టెలు రెండు వందలు లారీలో దిగాయి. ఒకటి ఉబేద్‌కు పంపాడు. మూడో రోజు పొద్దున ఫోను చేశాడు.

"ఏందిరా ఉబేద్, పాసా ఫెయిలా?"

"బొమ్మ మంచిగుంది భాయ్. ఇరవై సార్లు ప్లగ్గు గుంజిన, ఒక్క చానెల్ మరువలే. గని అక్షరాలు మసక. మెనూ చదవొస్తలేదు. గిసుంటిది గూడెపోళ్ళకు ఎట్లియ్యాలె?"

"నాకు మంచిగనే కనవడ్డయ్ గదరా."

"నీకు అద్దాలున్నయ్ భాయ్. అద్దాలల్లకెల్లి చూస్తే మీ బామ్మర్ది గూడ మంచోడే."

పాషా నవ్వాడు. "సరే తియ్. వెతుకుడొకటి చూసి ఐదింటికి చెప్పు. నువ్వు కాదంటే లారీ వాపస్. నీ మాటే మాట."

ఆ చివరి ముక్క విన్నప్పుడల్లా ఉబేద్ వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది. నోటుబుక్కులో 'అక్షరాలు మసక' అని పెద్దగా రాసి కింద గీత గీశాడు. ఈ మధ్య అన్నిటికీ ఇదే రోగం అనుకున్నాడు. పేపరువాళ్ళు సిరా తగ్గించారు, కంపెనీలు బల్బుల వెలుగు తగ్గించాయి.

కొత్త సాఫ్ట్‌వేర్‌లో చెప్పుకోదగ్గది వెతుకులాటే. ఇంతకుముందు ప్రతి చానెల్‌కూ నంబర్లు మనమే కొట్టాలి. ఇది ఏమీ చెప్పకపోయినా ఆకాశంలో ఏముందో తానే తడుముకుని పట్టుకొస్తుంది. మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, ఆ రోజు నిద్ర మానుకుని, మేడ మీది పెద్ద జాలీ గొడుగును పెట్టెకు తగిలించి మీట నొక్కాడు. పెట్టె అరగంట వెతికింది. తెలిసిన చానెళ్ళన్నీ వచ్చాక అడుగున ఒకటి మిగిలింది. దానికి పేరు లేదు, వట్టి అంకెలు. ఉబేద్ దాన్ని తెరిచాడు.

ప్రకటనల్లేవు, కింద పరిగెత్తే వార్తల్లేవు. ఒక వరండా, ఒక కుర్చీ, వెనక బియ్యం బస్తాలు. ఎవరో కుర్రాడి గొంతు, "అమ్మా, స్టూడియో నుంచి పిలిచేదాకా ఇట్లనే కూసోండి, పది నిమిషాలు" అంటోంది. వరద బాధితులను ఉంచిన హైస్కూలు అదేనని ఉబేద్ పోల్చుకున్నాడు. చానెల్ వాళ్ళ వ్యాను పైన ఉపగ్రహానికి పంపుతున్న బొమ్మ, స్టూడియోకు పోవాల్సింది, తన బల్ల మీదికి వచ్చేసింది. కుర్చీలో ఉన్న మనిషి మొహం మసకగా ఉంది. గొంతు మసకగా లేదు.

"ఈ మైకు ఇట్లనే ఉండాల్నా బాబూ?"

అది మలికా. నాలుగు రోజులుగా ఆ స్కూల్లోనే వంటలు చూస్తున్న అతని భార్య.

ఉబేద్ మొహం వెలిగింది. టీ కొట్టువాణ్ణి పిలిచి చూపిద్దామని లేచాడు కూడా. ఇంతలో పక్కనుంచి ఇంకో గొంతు వినబడింది. వాగవతలి గూడెం జంపక్కది.

"ఏం మాట్లాడతవ్ మలికక్కా? ముందుగాల మీ సాబ్ దుకానం పేరు చెప్పు, గిరాకీ వస్తది."

"ఆయనకు గిరాకీ తక్కువైతే గద."

"అవ్, నిజమే. మా ఇంట్ల డబ్బా ఆయన బాగుచేసిందే. ఏడాదిన్నర ఒక్కపారి ఆగలే. గోదారమ్మ కొంచవోయె గని."

మలికా అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. గొంతు తగ్గినా మైకు ఆమె దుపట్టాకే ఉంది.

"అది ఆయన చేసింది కాదు జంపా."

"మరెవలు?"

"నేను. ఆయన టంకం పక్కకు పడ్డది, రెండు తీగలు కలిసిపోయినయ్. నమాజుకు పోయొచ్చి, తిని పండుకుంటడు గద. గా గంటల పీకేసి మళ్ళ వేసిన."

"నీకు గా పని ఎట్లొచ్చే?"

"లగ్గమైన కొత్తల కరెంటు పోతే చిమ్నీ దీపం పట్టుకొని పక్కన నిలబడేది నేనే. చూసి చూసి వచ్చింది."

"గదొక్కటేనా?"

"రెండేండ్ల సంది అన్నీ. కండ్లు పోతున్నయ్ జంపా ఆయనవి. ఆయనకే తెల్వది. పోయిన వారం చాయ్‌ల చక్కెరనుకొని ఉప్పేసిచ్చిండు. మంచిగుందని తాగిన."

జంపక్క నవ్వబోయి ఆగింది. "చెప్పరాదే అక్కా. దవాఖానాకు తీస్కపోరాదే."

"ఎట్ల చెప్పాలె? ఆయనకున్నది గా పేరొక్కటి. ఉబేద్ చెప్పిండంటే అయిపోయిందంటరు. కనవడతలేదని తెలిసిన్నాడు గా మాట పోతది. మాట పోతే గా మనిషి ఏమైతడు?"

ఉబేద్ మొదట చేసిన పని శబ్దం తగ్గించడం. రోడ్డు మీదివాళ్ళు వింటారని. తగ్గించాక తన చెయ్యి ఇంకా మీట మీదే ఉందని చాలాసేపు తెలియలేదు. తెర మీద ఎవరో మలికాకు సైగ చేశారు, ఆమె నిటారుగా కూర్చుని బియ్యం సంగతీ దుప్పట్ల సంగతీ మాట్లాడింది. పెదవులు కదలడం లీలగా కనబడింది. తర్వాత కుర్చీ ఖాళీ. తర్వాత తెర నల్లబడింది.

అబద్ధం అనుకున్నాడు. ఆడవాళ్ళు ఊసుపోక మాట్లాడుకుంటారు అనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా నిలవలేదు. లేచి పాత సాఫ్ట్‌వేర్ ఉన్న పెట్టె ఒకటి దించి టీవీకి తగిలించాడు. కొత్త దాని పక్కన పాత దాన్ని పెట్టి చూడడం అతని సొంత నియమమే. ఈసారి ఎందుకు వదిలేశాడో తెలియదు. మెనూ తెరిచాడు. అక్షరాలు అంతే మసక. ఇంకోటి దించాడు. అదీ అంతే. గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయాడు, అందులో తారీఖులూ అంతే.

మలికా మాటల్లో ఇక తేల్చుకోవాల్సింది టంకం. దాన్ని కళ్ళతో చూడలేడు, వేలితో చూడొచ్చు. మలికా స్కూలుకు పోకముందే రిపేరయి అరలో ఉన్న పెట్టె విప్పి, లోపలి పలక మీద చూపుడు వేలు నెమ్మదిగా నడిపించాడు. టంకం చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా, వరసగా తగిలాయి. నిన్న తాను ముగించిన పెట్టె విప్పాడు. మలికా నాలుగు రోజులుగా ఇంట్లో లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వేలి కింద గడ్డలు, గరుకులు, ఒకదాని మీదికి ఒకటి పారిన ముద్దలు. ఇది ఎవరో పనిరానివాడు చేసిన పని అని అతని వేలికి చెప్పకనే తెలిసింది.

ఉబేద్ కొత్త పెట్టెను మళ్ళీ టీవీకి తగిలించి స్టూలు మీద కూర్చుండిపోయాడు. రెండేళ్ళుగా జనం సలాం చేసింది ఎవరికో అతనికి అర్థం కాలేదు.

నాలుగున్నరకు మలికా వచ్చింది, కాళ్ళకు బురద, దుపట్టాకు పసుపు మరకలు. వాళ్ళిద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కోపమొస్తే మాత్రం తెలుగొస్తుంది. ఉబేద్‌కు తెలుగే వచ్చింది.

"ఈడ కూసో. గా మెనూ చదువు."

"ఏమైంది?"

"చదువు."

ఆమె దూరం నుంచే, కాళ్ళైనా కడుక్కోకుండా, పై గీత నుంచి కింది గీత దాకా గడగడా చదివేసింది. చివరి మాట దగ్గర గొంతు సన్నబడింది. బల్ల మీద విప్పి ఉన్న రెండు పెట్టెలు అప్పుడు చూసింది.

"మీకెవరు చెప్పిండ్రు? జంపక్కనా?"

"నువ్వే చెప్పినవ్. టీవీల."

"గా ముక్క వాళ్ళు వెయ్యలేదు గదా. మైకు బందుందన్నరు."

"ఈ డబ్బాల వచ్చింది. ఇంకెవలకు వచ్చిందో తెల్వది."

మలికా గోడకు చేరగిలబడింది. "ఉప్పు సంగతి గూడ ఇన్నరా?" అని అడిగింది.

"ఇన్న."

ఐదింటికి ఫోను మోగింది. ఉబేద్ నోటుబుక్కు వైపు చూడలేదు.

"పాషా భాయ్, అక్షరాలు మంచిగున్నయ్. నా కండ్లే మంచిగ లెవ్వు."

"ఎన్నాళ్ళ సంది?"

"రెండేండ్లు."

"మరి గీ రెండేండ్లల్ల నువ్వు పాస్ చేసిన మాలంతా?"

పాషా గొంతు ఫోను దాటి దుకాణమంతా వినబడింది. పక్కనుంచి మలికా నెమ్మదిగా అంది, "అవి గూడ నేను ఎనక చూసిన. గిదొక్కటే చూడలే."

ఆ మాట పాషాకు వినబడింది. "ఐతే ఫోను చెల్లెకియ్యి" అన్నాడు.

అందులో ఎగతాళి లేదు. లారీ పంపాలా ఆపాలా అని అడగాల్సిన మనిషిని అడుగుతున్నాడు, అంతే. ఉబేద్ ఫోను అందించాడు. మలికా చెయ్యి దుపట్టాకు తుడుచుకుని తీసుకుంది.

"సలాం భాయ్. అవ్, అక్షరాలు సాఫ్‌గనే ఉన్నయ్. గని బొమ్మ అడుగున వెంట్రుకంత ఆకుపచ్చ గీత వస్తుంది. దీంట్లనేనా, అన్నిట్ల ఉన్నదా చూడాలె. ఓ నాలుగు డబ్బాలు విప్పి చూడుండ్రి. అందాక లారీ ఎటూ పంపకుండ్రి."

"సరే" అన్నాడు పాషా. మారు మాట లేదు. అంత తొందరగా వచ్చే 'సరే' లోకంలో తనొక్కడికే దక్కుతుందని ఉబేద్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

అతను టీవీ దగ్గరికి జరిగాడు. ముక్కు అద్దానికి తగిలేదాకా వంగాడు, పక్కకు తిరిగి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు.

"యాడుంది గీత?"

మలికా అతని చూపుడు వేలు పట్టుకుని తెర అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీసి చూపించింది. వేలికి వెచ్చటి గాజు తగిలింది. అంతకు మించి ఏమీ తెలియలేదు.