పచ్చ గింజలు లేని కణం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చింతపల్లి దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు బయాలజీ టీచరుగా వచ్చినప్పుడు, మైదానం నుంచి దుప్పట్లతో పాటు దాన్ని కూడా కొండెక్కించాను.

ఆ చలికాలం ఎనిమిదో తరగతి చేత కణాల నమూనాలు చేయించాను. బొమ్మ గీయమంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు, అడిగితే నోరు విప్పరు. చేత్తో చేస్తేనైనా బుర్రకెక్కుతుందని నా ఆశ. జంతుకణానికి అడ్డాకు దొప్ప, వృక్షకణానికి అట్టపెట్టె. పెట్టె గోడ కణకవచం, లోపల పరిచిన పాలిథిన్ కాగితం కణత్వచం, బంకమట్టి ఉండ కేంద్రకం, నీళ్లు పోసి ముడేసిన కవరు రిక్తిక. ఆకుపచ్చ హరితరేణువులకు ఏం పెట్టాలా అని చూస్తే బడి వెనక కంచె నిండా చిక్కుడుకాయలు. కోసి, ఒలిచి, పచ్చి గింజలు గిన్నెలో పోసి ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తరగతిలో చురుకైన పిల్ల ఒకతి ఉండేది. పాడేరులో జరిగే జిల్లా సైన్స్ ప్రదర్శనకు బడి నుంచి ఒక్కరినే పంపాలి. ఆ పిల్లనే పంపుతానని ముందే చెప్పాను. పాడేరు ఎప్పుడూ చూడలేదట, వారం రోజులుగా అందరితో అదే కబురు.

తీరా చూస్తే ఆమె పెట్టెలో ఒక్క గింజా లేదు.

"ఇవి పెట్టలేదేం? మర్చిపోయావా?"

తల అడ్డంగా ఊపింది.

"పాఠం రాదా?"

తల దించుకుంది.

హరితరేణువుల గురించి మొన్ననే గడగడా చెప్పింది ఈ పిల్లే. పక్క పిల్ల పెట్టె నిండా గింజలే. నాకేమీ అర్థం కాలేదు. మొండితనమా, నా మీద అలకా? ఆమె అరచేయి లాగి గుప్పెడు గింజలు పోశాను. చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది. గింజలన్నీ నేలపాలు. నాకు ఒళ్లు మండింది. జాబితాలో పక్క పిల్ల పేరు రాసి, మర్నాడు పొద్దున్నే వార్డెన్‌ను తోడిచ్చి మొదటి జీపులో పంపేశాను.

పంపానే గానీ మనసు కుదుటపడలేదు. వంటగదిలో ఆయాతో చెప్పుకున్నాను.

"మీకెవులూ సెప్పనేదేటమ్మా? ఆ గుంట ఊర్లో సిక్కుడు కొత్త పండగ ఇంకా అవ్వనేదు. దేవతకి పెట్టేదాకా ఆళ్లు కొత్త సిక్కుడు ముట్టరు. కూర వండిన రోజు ఆ గుంట ఉత్త సింతపండు సారుతోనే తింటాది."

"మరి పక్క పిల్ల ముట్టుకుందిగా?"

"ఆళ్ళూర్లో కిందటి వారమే సేసేసారు."

ఊరికో రోజు! నా తికమక ఇంకా పెరిగింది. గింజ పెట్టకపోతే పాఠం తప్పు, పెడితే ఊరి దగ్గర తప్పు. ఆ పిల్లకు నేనసలు మార్కులు ఎలా వేయాలి?

ఆ పిల్ల కుళాయి దగ్గర కంచం కడుగుతూ కనిపించింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా, వేరే గింజలు ఇచ్చేదాన్ని. పచ్చవి లేకపోతే అది ఆకు కణం ఎలా అవుతుంది?"

"ఆకుది కాదు మేడమ్. ఉల్లిపొర కణం సేసేను. మైక్రోస్కోపులో సూపించి, దీన్లో పచ్చవి ఉండవని మీరే సెప్పేరు."

చెప్పాను. నిజంగా నేనే చెప్పాను. ఆ పెట్టెలో ఒక్క తప్పూ లేదు.

"ఆ మాట అప్పుడే అనొచ్చుగా?"

"మీరు కోప్పడతన్నారు కదా మేడమ్."

ప్రదర్శన వాళ్లకు ఫోన్ చేశాను. పేర్లు ఖాయమైపోయాయి, మార్చడం కుదరదన్నారు. ఆ సంగతి ఎలా చెప్పాలో తోచక ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ పిల్లకు అర్థమైపోయింది. కంచం చివరిదాకా కడిగి, నీళ్లు దులిపి, అప్పుడు అంది.

"పాడేరు ఎల్లిన గుంటకి గింజలెందుకు పెట్టిందో తెలీదు మేడమ్. అక్కడ అడిగితే బెదిరిపోద్ది. ఫోన్లో నాను నేర్పనా?"

నేర్పమన్నాను. వార్డెన్ నంబరు కలిపి, ఫోన్ ఆమె తడి చేతికి అందించాను.