మా హాకీ జట్టుకు అచ్చిరాని రంగులు

నక్సలైట్ల దళాలు తిరిగే ఆ రోజుల్లో మా అడవి వైపు కుర్రాడు ఏ రంగు చొక్కా తొడగాలన్నది వాడి ఇష్టమూ కాదు, వాళ్ళమ్మ ఇష్టమూ కాదు. చెక్‌పోస్టులో ఆ పూట డ్యూటీలో ఉన్న పోలీసుల ఇష్టం. దుమ్ముగూడెం దగ్గరి మా హాస్టల్ హాకీ జట్టుకు ఈ సంగతి తెలిసేసరికి నా వయసు దాటిపోయింది.

ఖమ్మంలో జిల్లా పోటీల్లో బాగా ఆడినవాడికి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. అది నాదేనని తిండి మానేసి కలలు కనేవాణ్ణి (కలల వల్ల కాదు లెండి, హాస్టల్ అన్నం అలా ఉండేది). మేం విజిల్ సారని పిలుచుకునే మా వ్యాయామం మాస్టారు భద్రాచలంలో చవగ్గా దొరికిన ముదురాకుపచ్చ బట్టతో జెర్సీలు కుట్టించారు. అవి తొడిగి, భుజాన హాకీ కర్రలతో, వరసగా అడవిలోంచి నడిచి బస్సు కోసం రోడ్డెక్కాం. చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు, ఇక చెప్పేదేముంది!

"ఏందిరా గీ డ్రెస్సు? ఏ దళంరా మీది?"

"దళం కాదు సార్, హాకీ టీం," అన్నాడు మేమంతా బావ అని పిలిచే మా గోల్‌కీపర్, ఏడుపు గొంతుతో.

సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, "పొండ్రి, మల్ల గీ రంగుల కనబడొద్దు" అని వదిలారు. అప్పటికే ఖమ్మంలో మేం ఆడకుండానే ఓడిపోయాం.

మరుసటి ఏడు ఎరుపు కుట్టించారు (పాపం, ఆకుపచ్చ కాకపోతే చాలనుకున్నారు సారు). అదే చెక్‌పోస్టు, అదే బెంచీ. "సారూ, నీకు బుద్ధుందా? ఎర్రది తప్ప దొరకలేదా?" అని మా ముందే అరిచారు. సారు తలొంచుకున్నారు. ఆ పూట మాలో ఒక్కడూ నవ్వలేదు. నాకైతే ఇప్పటికీ మంటే.

మూడో ఏడు తెలుపు. చెక్‌పోస్టులో చెయ్యూపి మరీ పంపారు. తీరా ఖమ్మం చేరితే ఎదుటి జట్టుదీ తెలుపే! ఒకరు మార్చుకోవాలన్నాడు అంపైరు. ఆ పిల్లలు మంచోళ్ళు, సంచిలోంచి తమ పాత జెర్సీలు తీసిచ్చారు. ముదురాకుపచ్చవి, అచ్చం మావే.

"ఇవి ఏసుకొని మీరు బయట తిరుగుతరా?" అన్నాడు బావ.

"అవ్, ఏమైతది?" అన్నాడు వాళ్ళ కెప్టెన్.

ఏమవుతుందో వాడికెవరు చెప్తారు! ఆ కసితోనే రెండు గోల్స్ కొట్టాను. సెలక్షన్ సారు వీపు తట్టి, "మంచిగ ఆడినవ్ బిడ్డా. నిరుడెందుకు రాలే? ఇప్పుడు వయసు దాటిపాయె" అన్నారు. రంగు కుదరలేదని ఎలా చెప్పను? చొక్కా విప్పి, మడతపెట్టి ఇచ్చేశాను.

ఇప్పుడు ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో కాపురం, ఆఫీసులో గుమాస్తాగిరీ. బీరువా నిండా తెల్ల చొక్కాలే. "మీరేమన్న లీడరా? ఒక్కటన్న రంగుది కొనుక్కోరాదుండ్రి" అని మా ఆవిడ పోరు. మొన్న బట్టల షాపులో ముదురాకుపచ్చది ఒకటి ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకున్నాను. నా బట్టతలకు భలే నప్పింది, నవ్వొచ్చింది కూడా. ఇంతలో వెనక షాపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చొక్కా దానంతటదే చేతిలోంచి జారిపోయింది. తెల్లదానికే బిల్లు వేయించాను.