గుమ్మడికాయ

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్లేస్కూల్లో ఆయా అండాలమ్మ రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, పిల్లల ముక్కులు తుడుస్తూ, ఒక్కొక్కరినీ ఒక్కో ముద్దుపేరుతో లోపలికి పిలిచేది. నాలుగేళ్ల మోక్షిత్ పేరు పలకడానికి ఆమెకు నోరు తిరగలేదు. బొద్దుగా ఉంటాడని "నా గుమ్మడికాయ" అన్నది. వాడు మురిసిపోయాడు. నెల తిరగకముందే ఆ పేరు పిల్లలందరి నోళ్లకూ ఎక్కింది. తండ్రి దుకాణం ముందు అమావాస్యనాడు దిష్టికి గుమ్మడికాయ పగలగొట్టడం చూసిన తోటి పాప హన్విక, మరునాడు "గుమ్మడికాయ కొడదాం!" అంటూ వాణ్ణి నేలకు తోసింది. ఆ తోయడంలో ద్వేషమేమీ లేదు. కానీ మిగతావాళ్లు చప్పట్లు కొట్టడంతో మళ్లీ తోసింది. వాడి పెదవి చిట్లింది. "ఎవరు నేర్పారు నీకిది?" అని మేడమ్ హన్వికను గద్దించింది.

"పిల్లను ఏమనకుండ్రి మేడమ్," అన్నది అండాలమ్మ. "గా పేరు నేనే పెట్టిన."

మరునాడు మోక్షిత్ గేటు ఊచ పట్టుకుని లోపలికి రానన్నాడు. పిల్లలంతా చూస్తుండగా, మనవరాలి దగ్గర నేర్చుకుని వచ్చిన పేరును ఆమె కూడబలుక్కుంది.

"మోచ్చితూ, రా బిడ్డా."

"మోక్షిత్," అని వాడు దిద్దాడు.

"మోక్... షిత్. గట్లనేనా?"

వాడు ఊచ వదిలాడు.